అటక మీద ఆల్బమ్‌లు

పుల్లూరు టోల్‌గేటు దాటాక బస్సు తుంగభద్ర వంతెన ఎక్కుతుంది. అక్కడికి వచ్చేసరికి నా తల దానంతటదే కిటికీ వైపు తిరుగుతుంది. ఏట్లో నీళ్లెన్ని ఉన్నాయో చూసుకోకుండా నేను కర్నూలులో దిగి చాలా ఏళ్లయింది. ఈసారి ఎండాకాలం. బండల మధ్య పాయలుగా కాసిని నీళ్లు, బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు, ఇసుకలో ఒళ్లు విరుచుకుంటున్న కుక్క. ఇంతే ఏరు.

భాయ్ పోయాడని కబురొస్తే వెళ్లాను. మట్టికి అందలేదు, ఆ తర్వాత చేసే ప్రార్థనకు, జియారత్‌కు అందాను. భాయ్ అంటే నాకు మొదటి జీతం ఇచ్చిన మనిషి. పాతబస్తీలో ఫొటో స్టూడియో నడిపేవాడు. పేరు రాస్తే ఆ వీధివాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు కాబట్టి రాయను.

ఫాతెహా అయ్యాక భాయ్ కొడుకు నన్ను కొట్టుకు తీసుకెళ్లాడు. నేను పని చేసే రోజుల్లో వాడు మూడో తరగతి. స్టూడియో తెర వెనక దాక్కుని పెళ్లికూతుళ్లను నవ్వించేవాడు. ఇప్పుడదే చోట సెల్‌ఫోన్లకు గ్లాసులు, కవర్లు అమ్ముతున్నాడు. "నీకు చూపీల్లన్నా ఒకటి" అంటూ స్టూలెక్కి అటక మీంచి ఇనప పెట్టె ఒకటి దింపాడు. మూత తెరవగానే వాసన కొట్టింది.

నానిన అట్ట, కిరసనాయిలు, కుళ్లిన ఎర్రగడ్డ, వీటన్నిటి కింద ఏటి ఒండ్రు. ఇన్నేళ్లు పెట్టెలో ఉండి పలచబడింది గానీ పోలేదు. వాడికి అది పాత సామాన్ల కంపు, అంతే. నేను మాత్రం వెళ్లి గడప మీద కూర్చున్నాను.

* * *

2009, కర్నూలు మునిగిన ఏడు. ఆ ఏడు మొదట కరువు. ఈ ముక్క ఇప్పుడు చెప్తే ఎవరూ నమ్మరు. బుడ్డల చేను, అదే వేరుశనగ, ఎండిపోతోందని మా నాయన ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. అందుకే సెప్టెంబరు ఆఖర్లో వాన పట్టుకుంటే మొదటి రోజు అందరం సంతోషపడ్డాం. రెండో రోజు కూడా బాగానే ఉంది. మూడో రోజు భాయ్ షట్టరు సగం దించి, వీధిలో మోకాళ్ల దాకా నిలిచిన నీళ్లను చూస్తూ "మొగులుకు చిల్లి పడిందిరా" అన్నాడు.

సాయంత్రం మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. హంద్రీ పొంగుతోందని, లోతట్టులో ఉండేవాళ్లు ఎత్తుకు పోవాలని చెప్పుకుంటూ పోయింది. వీధిలో సగం మంది నవ్వారు. హంద్రీ అంటే మాకు ఏరు కాదు, పందులు పొర్లే మురుగు. దాని మీద వంతెన ఉందన్న సంగతే ముక్కు మూసుకునేటప్పుడు గుర్తొచ్చేది. భయమంటూ ఉంటే తుంగభద్ర గురించే. అది కూడా పైన సుంకేసుల బ్యారేజీ దగ్గర ఆగుతుందిలే అనే ధీమా. రెండూ ఒకే రాత్రి వస్తాయని, పైన సుంకేసులను దాటుకుని నీళ్లొస్తాయని, కిందేమో శ్రీశైలం డ్యాము నిండి ఉండి నీళ్లు పోవడానికి తావుండదని ఎవరు అనుకుంటారు?

భాయ్ కెమెరాలు, సీపీయూ, మానిటరు అటకెక్కించాడు. డెలివరీకి సిద్ధంగా ఉన్న ఆల్బమ్‌లు, జనం మళ్లీ ప్రింట్లు వేయించుకోడానికి ఇచ్చిన పాత ఫొటోలు మాత్రం కౌంటరు మీద పేర్చాడు. "ఈ ఎత్తు చాల్లే" అన్నాడు. ఆ మాట ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన్ను వదల్లేదు. నీళ్లు కౌంటరును ముంచి, గోడ మీది మక్కా పటాన్ని ముంచి, అటకకు జానెడు కింద ఆగాయి.

* * *

మేము ఆ రాత్రీ, ఆ మర్నాడూ, ఇంకో రాత్రీ ఉన్నది పక్కనున్న శెట్టి గారి మూడంతస్తుల మిద్దె మీద. శెట్టికీ భాయ్‌కీ అప్పటికి రెండేళ్లుగా మాటల్లేవు. గోడ పక్కన మురికి కాలువ ఎవరిదన్నది తగాదా. నీళ్లు గడప దాటగానే ఆయనే గేటు తీసి "రండి, రండి, పిల్లల్ని ముందు పంపండి" అని కేకలేశాడు. పైకి చేరినవాళ్లం నలభై మంది దాకా ఉంటాం. మంచి మాటే చెప్పాను గనక మిగతాది కూడా చెప్పాలి: రెండో రోజు మధ్యాహ్నం ప్రాణాలకు భయం లేదని తెలిశాక, ఆ మిద్దె మీదే ఇద్దరూ కాలువ సంగతి మళ్లీ ఎత్తుకుని గంటసేపు అరుచుకున్నారు. అది విని అందరికీ ఎందుకో ధైర్యం వచ్చింది.

కళ్లకు కనబడింది తక్కువ. కరెంటు లేదు, చంద్రుడు లేడు. అంతా చప్పుళ్లే. స్టీలు బిందెలు ఒకదానికొకటి తగులుకుంటూ వీధి వెంట పోతున్న చప్పుడు. కొట్టుకుపోతున్న గ్యాసు సిలిండరు గోడకు తగిలితే గుడిగంట మోగినట్టు ఉండేది. మట్టిమిద్దెలు కూలేటప్పుడు పెద్ద శబ్దమేమీ రాదు, ఎవరో బరువైన మూట దించినట్టు 'దబ్బు' మని ఒక్కసారి, తర్వాత ఏమీ ఉండదు. ఆ 'దబ్బు' వినబడ్డప్పుడల్లా మిద్దె మీద ఎవరో ఒకరు అది ఎవరి ఇల్లై ఉంటుందో లెక్క కట్టేవారు. తెల్లారేటప్పుడు ఏ మిద్దె మీది నుంచో ముసలి గొంతుతో అజాన్ వినబడింది. మైకు లేని అజాన్ నేను వినడం అదే మొదలు. నీళ్ల మీద గొంతు ఎంత దూరం పోతుందో!

తాగడానికి టార్పాలిన్‌లో పట్టిన వాన నీళ్లు. తినడానికి శెట్టి ఇంట్లో ఉన్న బొరుగులు, చక్కెర. పిల్లలకు చక్కెర, పెద్దలకు ఉత్త బొరుగులు.

మర్నాడు హెలికాప్టరు వచ్చింది. దాని చప్పుడు వినగానే అందరూ చేతులూపుతూ అరుస్తారనుకుంటాం కదా, ఒక్క క్షణం ఎవరూ అరవలేదు. సరిగ్గా నెల క్రితం మా జిల్లా నల్లమలలోనే వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఎక్కిన హెలికాప్టరు కూలిపోయింది. ఆ గుబులు ఇంకా ఊరిని వదల్లేదు. మా పక్కన కూర్చున్న ముసలామె పైకి చేతులు జోడించి "నాయనా, పైలంగా పోండి" అంది. మునిగింది మేము, దీవించింది వాళ్లను. పులిహోర పొట్లాలు నాలుగు నీళ్లలో పడ్డాయి, రెండు మిద్దె మీద పడ్డాయి.

* * *

నీళ్లు తీశాక దిగి చూస్తే వీధి లేదు. మోకాలి లోతు ఒండ్రు. దాంట్లో దిగబడిన స్కూటర్లు, కుట్టుమిషన్లు, బియ్యం, బర్రె ఒకటి. కొట్టు షట్టరు లేవలేదు. గడ్డపార పెట్టి లేపితే లోపలి నుంచి బురద మా మీదికి జారి వచ్చింది, దాంతోపాటు ఎవరిదో పెళ్లి ఆల్బమ్ ఒకటి.

ముందు వచ్చినవాళ్లు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎత్తున ఉన్న ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. ట్రాలీలో పంచెలు పరిచి, వాటి మీద జొన్నరొట్టెలు దొంతర్లుగా పేర్చుకొచ్చారు, పక్కన బకెట్లో ఎర్రకారం. ఒక్కో రొట్టె ఒక్కో లావు, ఒక్కో సైజు. అంటే ఒక ఇంట్లో చేసినవి కావు, ఊరంతా చేసిపెట్టినవి. ఏ ఊరప్పా మీది అని శెట్టి అడిగితే, ట్రాక్టరు మీది కుర్రాడు "యా ఊరైతే ఏంలేప్పా, తినండి ముందు, సల్లారిపోతాయి" అన్నాడు. ఆ రొట్టెలతో పాటు ఎవరి ఫొటో రాలేదు. ఈ సంగతి నాకు వారం తర్వాత గానీ తట్టలేదు. ఫొటోలు అతికించే పని నాదే కాబట్టి తట్టింది.

కల్యాణ మండపాలు, మసీదులు, చర్చిలు, బడులు అన్నీ తెరిచేశారు. పై ఊళ్ల మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులు లారీల్లో వచ్చి మా బురద ఎత్తారు. ఆ పని చేసినవాళ్లకు చెయ్యెత్తి మొక్కాలి. మా ఇళ్లలోకి మేమే అడుగుపెట్టలేని కంపులోకి వాళ్లు దిగారు, చాలామంది చేతులకు తొడుగులు కూడా లేకుండా. తెల్లగా బ్లీచింగ్ పౌడరు చల్లిన వీధిలో పొద్దున్నే నడిస్తే కళ్లు మండేవి.

ఊళ్లో ఎత్తు మీదున్నవి ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులకూ ఉద్యోగులకూ డేరాలు వేసిన నాటి పేర్లవి. రాజధాని మూడేళ్లకే హైదరాబాదుకు పోయింది, క్యాంపులు మిగిలాయి. మునిగిన ఊరంతా వాటిలోనే తలదాచుకుంది. మా ఫ్లెక్సీ మిషను కూడా అక్కడే ఉంది, నంద్యాల రోడ్డు వైపు, ఒక రేకుల షెడ్డులో. భాయ్ దాన్ని వేరే ఒకాయనతో పొత్తులో పెట్టాడు. స్టూడియో మునిగినా మిషను బతికింది. దాంతో మాకు పని దొరికింది, నేననుకోని పని.

* * *

నాలుగో రోజో అయిదో రోజో మొదటి ఆర్డరు వచ్చింది. జనరేటరు అద్దెకు తెచ్చి నడుపుతున్నాం. చొక్కా నలగని నలుగురు వచ్చి, లారీకి ముందు కట్టేది ఒకటి, పక్కలకు రెండు కావాలన్నారు. 'వరద బాధితులకు చేయూత' అని రాయాలి. కింద పేర్లు, పైన ఫొటోలు. నేను పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంటులో అక్షరాలు పేర్చాను. చేయూత అనే మాటకు ఎంత సైజు ఇవ్వాలో నాకు తెలియలేదు. ఫొటోలన్నీ పెట్టాక మిగిలిన చోటులోనే అది పట్టాలి. ఆఖరికి చాలా చిన్నదైంది.

ఆ తర్వాత రోజూ అదే పని. అధికార పార్టీ వాళ్లు పొద్దున్న వస్తే ప్రతిపక్షం వాళ్లు మధ్యాహ్నం వచ్చేవాళ్లు. సంఘాలు, ట్రస్టులు, అభిమాన సంఘాలు. ఫొటోల లెక్క కొత్తవాళ్లకు అర్థం కాదు. మధ్యలో పెద్దాయన. కుడి పక్కన రాష్ట్ర స్థాయి, ఎడమ పక్కన జిల్లా స్థాయి, కింద వార్డు స్థాయి. ఒకరి తల ఇంకొకరి తల కన్నా వేలెడు చిన్నదైతే రాత్రి పదింటికి ఫోన్ వచ్చేది. ఆ నెలలో అధికార పార్టీ ఫ్లెక్సీలైతే ఇంకా టెన్షన్. రాజశేఖర రెడ్డి ఫొటో తప్పనిసరి, అందులో ఎవరికీ పేచీ లేదు. ఆ పక్కన ఎవరు? ముఖ్యమంత్రి రోశయ్య గారా, లేక సంతకాలు సేకరించి ఎమ్మెల్యేలు ముఖ్యమంత్రిని చేయమంటున్న జగన్ గారా? ఇద్దరూనా? ఇద్దరైతే ఎవరు ముందు? ఒకే వార్డు నుంచి ఒకే రోజు రెండు గుంపులు వచ్చి రెండు రకాలుగా వేయించుకున్న సందర్భం ఉంది. ఢిల్లీలో తేలనిది మా రేకుల షెడ్డులో తేలాలని పట్టుబట్టేవాళ్లు.

ఒకసారి బియ్యం లారీ మా షెడ్డు ముందే మూడు గంటలు ఆగిపోయింది. బియ్యం ఒకాయన ఇచ్చాడు, లారీ ఇంకొకాయన ఇచ్చాడు. ముందు ఎవరి ఫ్లెక్సీ కట్టాలి? మాట మాట పెరిగి చొక్కాలు పట్టుకున్నారు. లారీ డ్రైవరు అనంతపురం మనిషి, దిగి వచ్చి నా పక్కన బీడీ ముట్టించుకుని "తెల్లారి బయల్దేరి వచ్చినానప్పా, యాడ దింపాలో చెప్తే దింపి పోతా" అన్నాడు. ఆఖరికి భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. ఒకరిది ముందు, ఒకరిది వెనక, వెనకదానికి సగం డబ్బులే తీసుకుంటామని. వెనక కట్టుకోడానికి ఇద్దరూ పోటీ పడ్డారు.

నేను నవ్వుతూ చెప్తున్నాను గానీ అప్పుడు నవ్వలేదు. ఆ నెల నాకు మామూలు జీతానికి రెట్టింపు వచ్చింది. ఆ డబ్బులే మా నాయనకు పంపాను. దాన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో మాట. ఆ ఫ్లెక్సీలు ఊరికే పోలేదు. ఇల్లు కూలినవాళ్లు లారీల మీంచి, స్తంభాల మీంచి వాటిని విప్పుకుపోయి నెత్తి మీద కప్పుకున్నారు. సెప్టెంబరులో నేనే వేసిన అశ్రునివాళి ఫ్లెక్సీలు అక్టోబరు వానలో కప్పులయ్యాయి. రంగు ఉన్న వైపు లోపలికి పెట్టుకున్న ఇళ్లలో పడుకుంటే పైన నాయకుడి నవ్వు ముఖం. ఒక తల్లి చంటిపిల్లకు దాన్ని చూపించి అన్నం తినిపిస్తుంటే చూశాను.

* * *

ఆ రోజుల్లో టీ కొట్టు మాస్టరు కూడా క్యూసెక్కుల్లో మాట్లాడేవాడు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయని, 25 లక్షల క్యూసెక్కులు వచ్చి పడ్డాయని, కుడిగట్టు పవర్‌హౌస్ మునిగిందని, విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షలు దాటిందని. అంత నీటికి ఆ డ్యాము నిలబడటమే గొప్ప అని ఒకరు. ముందే గేట్లెత్తి ఉంటే మనకీ గతి పట్టేది కాదు, కరెంటు కోసమో కాలువల కోసమో నిండుగా పెట్టుకున్నారని ఇంకొకరు. శ్రీశైలం నీళ్లను సీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు పేరెత్తితే బెంచీ రెండుగా చీలిపోయేది. దాన్ని 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచినప్పుడు జరిగిన గొడవంతా మళ్లీ లేచేది. పైన కర్ణాటక కూడా మునిగింది కదా, వాళ్లు మాత్రం ఏం చేస్తారని ఎవరైనా అంటే, వాడి మీద అందరూ ఏకమయ్యేవాళ్లు.

మంత్రాలయంలో మఠం దగ్గర భక్తులు మేడల మీద చిక్కుకున్న కథలు, అవతలి ఒడ్డున అలంపురం కథలు కూడా ఆ బెంచీ మీదికే వచ్చేవి. అలంపురం వైపు కుర్రాడొకడు మా దగ్గర ల్యామినేషన్ చేసేవాడు. రోజూ వంతెన దాటి వచ్చేవాడు. వాళ్ల ఇల్లూ పోయింది. మా జిల్లాది మాత్రమే వార్తల్లో వస్తోందని, మహబూబ్‌నగర్ వైపు ఎవరూ కెమెరా తిప్పడం లేదని ఒకటికి రెండుసార్లు అన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

* * *

తడిసిన ఫొటోను ఎండనివ్వకూడదు. ఎండితే పక్కదానితో అతుక్కుని, విడదీస్తే ముఖాలు ఊడి వస్తాయి. ఇది భాయ్ మొదటి రోజే చెప్పాడు. బురదలోంచి తీసిన ఆల్బమ్‌లను ప్లాస్టిక్ టబ్బుల్లో మంచినీళ్లు పోసి అందులోనే ఉంచాం. ఒక్కో ఫొటో అంచు పట్టుకుని, నీళ్లలో ఆడిస్తూ, వేలు బొమ్మకు తగలకుండా బురద వదిలించాలి. నానిన బొమ్మ మీగడలా ఉంటుంది, గోరు తగిలితే అంతే. తర్వాత దారాలు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీయాలి. షెడ్డు నిండా దారాలే. కింద వంగి నడిచేవాళ్లం. పగలు ఫ్లెక్సీలు, రాత్రి ఇది.

మా దగ్గర ఉన్నవే కాదు, వీధి వీధి నుంచి జనం తెచ్చేవాళ్లు. వింత ఏమిటంటే కొత్తవే ముందు పోయాయి. ఇంకు ప్రింట్లు నీళ్లలో పెట్టగానే రంగంతా విడిచి తెల్ల కాగితం మిగిలేది. అప్పుడప్పుడే మోజు పెరుగుతున్న కరిజ్మా ఆల్బమ్‌లు రొట్టెల్లా ఉబ్బి పేజీ నుంచి పేజీ రాలేదు. ల్యాబ్‌లో కడిగిన కలర్ ఫొటోలు అంచుల నుంచి పచ్చగా, ఎర్రగా కరుగుతూ వచ్చి ఒక్కోసారి సరిగ్గా ముఖం దగ్గర ఆగేవి. తాతల నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు మాత్రం నీళ్లలో ముంచి తీస్తే ఏమీ ఎరగనట్టు చూసేవి.

వచ్చినవాళ్లలో ఒకాయన నాకు బాగా గుర్తు. చెల్లెలి పెళ్లి ఫొటో ఒకటి తెచ్చి "పెండ్లికూతురు అక్కర్లేదప్పా, ఎనకాల మా ఇంటి దూలం కనబడుతాంది సూడు, అది పెద్దగా చేసి ఇయ్యి" అన్నాడు. ఇల్లు పూర్తిగా పోయింది. లెక్క రాసుకోడానికి వచ్చినవాళ్లు ఇక్కడ ఇల్లుండినట్టు రుజువేదని అడిగారట. కాగితాలు ఇంటితోనే పోయాయి. నేను స్కాన్ చేసి, పెళ్లికూతుర్ని, పూలజడను, పందిరిని అన్నీ కత్తిరించి దూలాన్ని, కిటికీని, తలుపు మీది పసుపును పెద్దది చేసి ఇచ్చాను. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి ఇంకొకరు. తొట్టిలు వేసిన ఫొటోలు, అన్నప్రాసనలు, నిఖాలు, అన్నింట్లోనూ మనుషులను తీసేసి గోడలు మిగిల్చాను. ఆ రుజువులు చెల్లాయో లేదో నాకెవరూ చెప్పలేదు.

జాబితాలు అంటించిన రోజు గొడవ మామూలుగా లేదు. అద్దెకుండి సామాన్లు పోగొట్టుకున్నవాడి పేరు లేదు, ఊళ్లోనే లేని ఇంటి యజమాని పేరు ఉంది. ఫలానా వాళ్ల వీధంతా ఉంది, మా వీధి లేదు, మేము ఓటేయలేదనే కదా అని ఒకరు. వీళ్ల హయాంలో వీళ్లవాళ్లు, వాళ్ల హయాంలో వాళ్లవాళ్లు అని ఇంకొకరు. మిద్దె మీద మాతో కలిసి బొరుగులు పంచుకున్న రెండు కుటుంబాలు ఆ జాబితా ముందే ఒకరినొకరు నానా మాటలూ అన్నాయి. ఒకరికి పేరొచ్చింది, ఇంకొకరికి రాలేదు. శెట్టి మధ్యలో దూరబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.

* * *

డిసెంబరు వచ్చేసరికి గోడలు ఇంకా ఆరలేదు. రాత్రి టీవీలో ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని. తెల్లారేసరికి మా వైపు ఎమ్మెల్యేల రాజీనామాలు, బంద్‌లు, టైర్ల మంటలు. పేపర్లలో వరద ఎక్కడా కనబడలేదు. షెడ్డుకు వచ్చింది మళ్లీ ఆ కుర్రాళ్లే. చేయూత పోయి సమైక్యాంధ్ర వచ్చింది, ఫొటోల లెక్క మాత్రం అదే. రాజధాని త్యాగం చేసిన ఊరు మాది అని పెద్దక్షరాలతో వేయించుకున్నారు. మునిగిన ఊరు మాది అని ఎవరూ వేయించుకోలేదు.

ఒక పొద్దున అలంపురం కుర్రాడిని ఒక ఫ్లెక్సీకి ఐలెట్లు, అంటే తాళ్లు కట్టే రింగులు, కొట్టమన్నాను. దాన్ని పరిచి చదివి, మడిచి పక్కన పెట్టి, "ఇది నాతో చేయించొద్దన్నా" అన్నాడు. "పనిరా ఇది" అన్నాను. "మీకు పనే" అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. నేనే ఐలెట్లు కొట్టాను. బంద్ రోజుల్లో వంతెన మీద బస్సులు ఆగిపోవడంతో మొదట రాలేకపోయాడు, తర్వాత రాలేదు. ఇప్పుడా వంతెనకు ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకొక రాష్ట్రం. మా ఇద్దరి ఇళ్లూ ఒకే ఏరు, ఒకే రాత్రి ముంచింది. అతని నంబరు నా దగ్గర లేదు.

ఆ బంద్‌ల వల్లే ఇంకొకటీ జరిగింది. ఆరబెట్టి, స్కాన్ చేసి, కవర్లలో పెట్టి రసీదు రాసి ఉంచిన ఫొటోల కోసం జనం రావడం తగ్గింది. వారం రోజులు షట్టర్లు మూసి, తెరిచి, మళ్లీ మూసి. కొందరు అప్పటికే ఊరొదిలి బంధువుల ఊళ్లకు పోయారు. మరుసటి ఏడు నేనూ హైదరాబాదు వచ్చేశాను. మిగిలిన కవర్లు భాయ్ స్టూడియోకు తెచ్చుకుని ఇనప పెట్టెలో పెట్టాడట. నాకు తెలియదు.

* * *

పెట్టెలో ఇరవైకి పైగా కవర్లున్నాయి. ప్రతి కవరు మీదా నా చేతిరాత. అంత గుండ్రంగా రాసేవాణ్ణని మర్చిపోయాను. ఒకదాంట్లో దూలం ఫొటో ఉంది, దాని వెనక పూర్తి ఫొటో కూడా. పెళ్లికూతురు తల వంచుకుని నవ్వుతోంది. ఆమె అన్న ఆ రోజు హడావిడిలో పెద్దది చేసినవి నాలుగు ప్రతులు తీసుకుని అసలుది వదిలేసి పోయినట్టున్నాడు.

"నాయన ఏటా ఒకసారి దింపి ఎండకు పెట్టేవాడన్నా" అన్నాడు భాయ్ కొడుకు. "ఎవరైనా వస్తారని. పోయినేడు మెట్లెక్కలేక నాతో దింపిచ్చినాడు. ఇప్పుడు ఈటిని ఏం చేద్దాం?"

నాకేం చెప్పాలో తోచలేదు. టీ తాగాం. టీ కొట్టు మారింది, బెంచీలు పోయి కుర్చీలొచ్చాయి. తిరిగొచ్చి కవర్లన్నీ లెక్కపెట్టి, దూలం ఫొటో ఉన్నదాన్ని అన్నింటి పైన పెట్టి, మూత వేశాను. స్టూలెక్కి నేనే పెట్టెను అటక మీదికి తోశాను. పైనుంచి చూస్తే కొట్టు నేల మీద ఛార్జర్ల అట్టపెట్టెలు, ఇయర్‌ఫోన్ల పెట్టెలు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి.

"అవి కూడా ఒక్కొక్కటి అందుకోరా" అన్నాను.

"ఎండాకాలం కదన్నా ఇది" అన్నాడు. అంటూనే వంగి, మొదటి పెట్టె అందించాడు.